బేస్‌మెంట్‌లో ప్లగ్ పాయింట్ అడిగితే ఎందుకు వద్దంటున్నారు? బెంగళూరు అపార్ట్‌మెంట్ కమిటీల్లోని మనవాళ్లకు బహిరంగ లేఖ

పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్, కె.ఆర్. పురం, ఎలక్ట్రానిక్ సిటీ... ఈ వైపు ఏ అపార్ట్‌మెంట్ మేనేజింగ్ కమిటీ చూసినా తెలుగువాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. ప్రెసిడెంటో, ట్రెజరరో, ఏ పదవీ లేకపోయినా జనరల్ బాడీ మీటింగులో నలుగురూ మాట వినే పెద్దాయనో. ఆ మనవాళ్ల కోసం ఈ లేఖ. బేస్‌మెంట్‌లో ఎలక్ట్రిక్ కారుకు ఛార్జింగ్ పాయింట్ పెట్టుకుంటామని అడిగినవాళ్లకు "చూద్దాం", "వచ్చే ఏజీఎంలో (వార్షిక మీటింగులో) పెడదాం", "ఫైర్ రిస్క్ అండీ" అని చెప్పి పంపించేయడం దయచేసి ఆపండి.

నేనూ అలా అడిగినదాన్నే. మా కాంప్లెక్స్ పేరు రాయను, ఇది ఆ ఒక్కచోటి సంగతి కాదు కాబట్టి. నా సొంత పార్కింగ్ స్లాట్‌లో, నా ఖర్చుతో, నా ఫ్లాట్ మీటరు నుంచే లైను లాగించుకుంటానంటే అభ్యంతరం లేదనే కాగితం (ఎన్‌ఓసీ) ఇవ్వలేదు. పోనీ ఎందుకు ఇవ్వరో కాగితం మీద రాసి ఇవ్వమంటే అదీ ఇవ్వలేదు. ఆఫీసులో, బంధువుల్లో ఎవరిని కదిపినా ఇదే కథ. కొంతమంది తిరిగి తిరిగి విసిగిపోయి పెట్రోల్ కారే కొనేసుకున్నారు. ఇప్పుడు వాళ్లను అడిగితే "ఈవీ మన ఊరికి పనికిరాదు" అంటారు. కారును వాళ్లు కాదనలేదు, కమిటీ కాదంది. కానీ పనికిరాదన్న పేరు మాత్రం కారుకే వచ్చింది.

ఎలక్ట్రిక్ కార్లు పెట్రోల్ కార్లకు నిజంగా పోటీ ఇవ్వగలవా అన్న ప్రశ్న మన ఇళ్లల్లో కారు కొనే ప్రతిసారీ వస్తుంది. బావగారు ఒకటంటారు, మరిది ఇంకోటంటాడు. రేంజ్ ఎంత, బ్యాటరీ పోతే ఎంతవుతుంది, అయిదేళ్ల తర్వాత అమ్మితే ఎంతొస్తుంది? అన్నీ అడగాల్సినవే. అయితే వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. రాత్రి కారు ఆపేచోట ప్లగ్ ఉందా? బెంగళూరులో ఆ జవాబు కంపెనీల చేతిలో లేదు, కరెంటు సంస్థ బెస్కామ్ చేతిలో కూడా పెద్దగా లేదు. మీ చేతిలో ఉంది. ఎందుకో లెక్కతో చెబుతాను.

ఈ ఊళ్లో పెట్రోలు లీటరు వంద రూపాయల పైనే ఉంటూ వస్తోంది. సిల్క్ బోర్డు, మహదేవపుర ట్రాఫిక్‌లో మామూలు పెట్రోల్ కారు లీటరుకు పన్నెండు, పదమూడు కిలోమీటర్లు ఇస్తే గొప్ప. అంటే కిలోమీటరుకు ఎనిమిది రూపాయలు. ఎలక్ట్రిక్ కారు ఇదే ట్రాఫిక్‌లో యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు పోతుంది. ఇంటి కరెంటు యూనిట్ ఆరు, పన్నులతో ఏడు రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకు రూపాయి దగ్గర పడుతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగే ఇంటికి ఏడు వేలు మిగులుతాయి.

ఇదే కారును ఇంట్లో కాకుండా బయటి ఫాస్ట్ ఛార్జర్ దగ్గర పెడితే చాలాచోట్ల యూనిట్‌కు ఇరవై రూపాయలు దాటిపోతుంది. కిలోమీటరుకు మూడున్నర వేసుకోండి. నెలకు మిగిలేది నాలుగున్నర వేలు. ఒకే సైజు పెట్రోల్ కారుకూ ఎలక్ట్రిక్ కారుకూ ధరలో మూడు లక్షల తేడా ఉందనుకుంటే, ఇంట్లో ఛార్జింగ్ ఉన్నవాళ్లకు ఆ తేడా మూడున్నరేళ్లలో తిరిగొస్తుంది. లేనివాళ్లకు అయిదున్నరేళ్లు పడుతుంది. పైగా ఆదివారం పూట మాల్ పార్కింగ్‌లోనో పెట్రోల్ బంకు మూలనో గంటసేపు కూర్చోవాలి, వెళ్లేసరికి ముందు ఇంకొకరు ఉండొచ్చు, యాప్‌లో "అందుబాటులో ఉంది" అని చూపించిన ఛార్జింగ్ గన్ పనిచేయకపోవచ్చు. కారు అదే, ఊరు అదే, నడిపే మనిషీ అదే. మారింది బేస్‌మెంట్‌లో ప్లగ్ పాయింట్ ఉండటం, లేకపోవడమే.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న పెట్రోల్ కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, సెస్సు పోయింది. ఎలక్ట్రిక్ కార్లకు ముందునుంచీ ఉన్న 5 శాతమే ఉంది. అంటే కొనేటప్పుడు పెట్రోల్ కారుకు ఉన్న ధర ఆధిక్యం పెరిగింది. అలాంటప్పుడు నడిపే ఖర్చులో మిగిలే ప్రతి రూపాయీ లెక్కలోకి వస్తుంది.

ఇంజినీరింగ్ పరంగా సిటీలో ఈ పోటీ ఎప్పుడో తేలిపోయింది. లీటరు పెట్రోలులో దాదాపు తొమ్మిది యూనిట్ల శక్తి ఉంటుంది. 40 యూనిట్ల బ్యాటరీ అంటే, శక్తి లెక్కన, నాలుగున్నర లీటర్ల పెట్రోలు. ఆ నాలుగున్నర లీటర్లతో పెట్రోల్ కారు ఈ ఊరి ట్రాఫిక్‌లో అరవై కిలోమీటర్ల లోపే ఆగిపోతుంది. బ్యాటరీ కారు రెండువందల యాభై పోతుంది. పెట్రోల్ ఇంజిన్‌లో శక్తిలో ఎక్కువ భాగం వేడిగా రేడియేటర్‌లోంచి, పొగ గొట్టంలోంచి పోతుంది. సిగ్నల్ దగ్గర కారు నిలబడి ఉన్నా ఇంజిన్ తాగుతూనే ఉంటుంది. మోటారు నిలబడితే ఏసీకి తప్ప ఏమీ ఖర్చు కాదు, బ్రేకు వేసినప్పుడు కొంత శక్తి వెనక్కి కూడా వస్తుంది. టామ్‌టామ్ సంస్థ 2024 లెక్కల్లో బెంగళూరులో పది కిలోమీటర్లు పోవడానికి సగటున అరగంట పైనే పట్టింది. ప్రపంచంలోనే బాగా నెమ్మదిగా కదిలే ఊళ్లలో మనదొకటి. పెట్రోల్ ఇంజిన్‌కు ఇంతకంటే కష్టమైన చోటు లేదు, మోటారుకు ఇంతకంటే అనువైన చోటూ లేదు.

కరెంటు మాత్రం ఎక్కడినుంచి వస్తోంది, బొగ్గు నుంచే కదా అని అడుగుతారు. దేశం మొత్తం మీద దాదాపు నాలుగింట మూడు వంతుల కరెంటు బొగ్గుదే, నిజం. బొగ్గు దగ్గర నుంచి లెక్క మొదలుపెడితే పైన చెప్పిన తేడా బాగానే తగ్గుతుంది. కానీ మన పావగడలో, అనంతపురం పొలిమేరలో, 2050 మెగావాట్ల సోలార్ పార్కు నడుస్తోంది. గ్రిడ్ ఏటేటా మారుతోంది, దాంతోపాటు ఈ రోజు కొన్న కారు కూడా శుభ్రపడుతూ పోతుంది. పెట్రోల్ కారుకు ఆ వీలు లేదు.

ఇక ఊరు దాటితే? ఇక్కడ పెట్రోల్ కారుదే ఇంకా పైచేయి, ఆ మాట దాచను. హైవే మీద వంద స్పీడు దాటగానే ఎదురుగాలి అడ్డుకోవడంతో రేంజ్ చప్పున పడిపోతుంది. పెట్రోల్ కారు అదే రోడ్డు మీద సిటీలో కంటే మంచి మైలేజీ ఇస్తుంది. తిరుపతి చూడండి. కోలారు, ములబాగల్, పలమనేరు, చిత్తూరు మీదుగా రెండువందల యాభై కిలోమీటర్లు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు తొమ్మిదివందల మీటర్ల ఎత్తులో ఉంది, తిరుపతి రెండువందల లోపు. పోయేటప్పుడు మొగిలి ఘాట్ దిగుతూ బ్యాటరీ మిగులుతుంది. వచ్చేటప్పుడు ఆ ఎత్తు ఎక్కడానికే మూడు నాలుగు యూనిట్లు అదనంగా పోతాయి. ఇది తెలిసినవాళ్లు తిరుగు ప్రయాణంలో చిత్తూరు దగ్గరే కాసేపు ఛార్జింగ్ పెట్టుకుని టిఫిన్ చేసి బయల్దేరతారు. తెలియనివాళ్లు పలమనేరు దాటాక స్క్రీన్ చూసి టెన్షన్ పడతారు. కొండ మీదికి మాత్రం 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి, దిగేటప్పుడు బ్రేకుల పని చాలావరకు మోటారే చేసుకుంటుంది.

హైదరాబాద్ అయితే 570 కిలోమీటర్లు. అనంతపురంలో ఒకసారి, కర్నూలులో ఒకసారి ఆగాల్సిందే. ఆగిన ప్రతిచోటా నలభై నిమిషాల నుంచి గంట. 80 శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదిస్తుంది కాబట్టి నిండేదాకా కూర్చోవడం దండగ. ఇంట్లో పసిపిల్లలో, పెద్దవాళ్లో ఉంటే ఇలా ఆగడం ఒక రకంగా మంచిదే, తొందరలో ఉన్నవాడికి మాత్రం చిరాకు. సంక్రాంతికి ముందురోజు ఎన్‌హెచ్ 44 మీద ఛార్జర్ల దగ్గర క్యూ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నెలలో పదిహేను రోజులు రాయలసీమ జిల్లాలు తిరిగే మెడికల్ రిప్రజెంటేటివ్ నన్ను అడిగితే పెట్రోలో డీజిలో కొనుక్కో తమ్ముడూ అనే చెబుతాను.

కానీ మనలో ఎంతమంది అలా తిరుగుతున్నాం? పొద్దున పిల్లల స్కూలు, అక్కణ్నుంచి ఆఫీసు, సాయంత్రం కూరగాయలు, శనివారం చుట్టాల ఇల్లు. రోజుకు ముప్పై, నలభై కిలోమీటర్లు. దానికి కావాల్సింది అయిదారు యూనిట్లు. మామూలు 16 ఆంప్ ప్లగ్ గంటకు మూడు యూనిట్లు ఇస్తుంది. రెండు గంటల ఛార్జింగ్‌తో ఆ రోజు పని అయిపోతుంది. ఏడాదికి నాలుగుసార్లు ఊరెళ్లేటప్పుడు పడే ఇబ్బంది చూసి మిగతా రోజులన్నీ సిటీలో పెట్రోలు తగలబెడుతున్నాం. ఆ రెండు గంటల ప్లగ్ దొరకనందుకు.

ఇప్పుడు మీ అభ్యంతరాలకు వస్తాను. మొదటిది, పెద్దది, ఫైర్. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. కింద వందల కార్లు, పైన నిద్రపోతున్న కుటుంబాలు ఉన్నప్పుడు భయపడటం కమిటీ బాధ్యతే.

2024 ఆగస్టులో దక్షిణ కొరియాలో ఇంచియాన్ నగరంలో ఒక అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఎలక్ట్రిక్ కారు అంటుకుంది. వందకు పైగా కార్లు దెబ్బతిన్నాయి, జనం ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. మీలో చాలామంది ఆ వీడియో చూసే ఉంటారు, వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరిగింది. అందులో చెప్పని సంగతులు రెండున్నాయి. ఆ కారు అంటుకున్నప్పుడు ఛార్జింగ్‌లో లేదు, ఊరికే పార్క్ చేసి ఉంది. రెండోది, దర్యాప్తులో తేలింది ఏమిటంటే అలారం మోగగానే కంట్రోల్ రూమ్‌లో ఉన్న మనిషి స్ప్రింక్లర్లు ఆపే బటన్ నొక్కేశాడు. నీళ్లు పడి ఉంటే మంట అంత దూరం పాకేది కాదు. మీరు ఛార్జింగ్ పాయింట్లు వద్దన్నంత మాత్రాన ఇలాంటి ప్రమాదం ఆగదు, ఎందుకంటే కారు ఎలాగూ అక్కడే ఆగుతుంది. మీ బేస్‌మెంట్‌లో స్ప్రింక్లర్లు పనిచేస్తున్నాయా, పంపు రూమ్‌లో వాల్వు తెరిచి ఉందా, సెక్యూరిటీ వాళ్లకు ప్యానెల్ గురించి ఎవరైనా నేర్పారా? ముందు తీరాల్సిన ప్రశ్నలు ఇవి. పెట్రోల్ కార్లే ఉన్నా ఇవే ప్రశ్నలు.

బ్యాటరీ మంట ఒకసారి అంటుకుంటే ఆర్పడం కష్టం, చాలా నీళ్లు కావాలి, ఆరినట్టు కనిపించి మళ్లీ రాజుకోవచ్చు. ఇది నిజం. అయితే అది అంటుకునే అవకాశం మనం అనుకునేంత లేదు. స్వీడన్ పౌర రక్షణ సంస్థ ఏటా లెక్కలు తీస్తుంది, వాటిలో పెట్రోల్, డీజిల్ కార్లకంటే ఎలక్ట్రిక్ కార్లు తక్కువగా అంటుకుంటున్నాయి. మన దగ్గర అమ్ముడయ్యే చాలా కార్లలో ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలున్నాయి. మిగతా రకాల కంటే ఇవి వేడికి ఎక్కువ తట్టుకుంటాయి.

అసలు భయపడాల్సింది ఇంకోచోట ఉంది. మా బంధువుల కాంప్లెక్స్‌లో కమిటీ అనుమతి లేక ఒకాయన బేస్‌మెంట్ స్తంభానికి ఉన్న పాయింట్లో కారు ఛార్జింగ్ పెట్టుకునేవాడు. క్లీనింగ్ మెషీన్ కోసం పెట్టిన 6 ఆంప్ పాయింట్ అది. కన్వర్టర్ ప్లగ్ ఒకటి, దాని వెనక సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు. నేను చూసేసరికి సాకెట్ తెల్ల ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, ఒక రంధ్రం చుట్టూ కరిగి ఉంది. ఇంకోచోట ఎర్తింగ్ సరిగా లేక కారు ఛార్జర్ ఎర్రలైటు చూపించి పనిచేయనంటే, ఎలక్ట్రీషియన్ న్యూట్రల్ వైరును ఎర్త్‌కు కలిపేసి ఛార్జర్‌ను మోసం చేశాడట. ప్రాణాలు తీసే పని అది. కమిటీ ఒక పద్ధతి పెట్టి అనుమతి ఇచ్చి ఉంటే, ఒక్కో పాయింటుకు విడి లైను, నాలుగు స్క్వేర్ ఎంఎం రాగి వైరు, లోడ్ ఎక్కువైతే ఆఫ్ అయ్యే సరైన ఎంసీబీ, లీకేజీకి ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ, కొలిచి చూసిన ఎర్తింగ్, ఇవన్నీ రాసి ఉండేవి. కాదన్నంత మాత్రాన ఛార్జింగ్ ఆగలేదు, కనపడకుండా దొంగచాటుగా జరుగుతోంది.

స్కూటర్ల సంగతి ఇంకా ఘోరం. కింద ప్లగ్ లేకపోతే బ్యాటరీ ఊడదీసి లిఫ్టులో పైకి తెచ్చి హాల్లో, బెడ్‌రూమ్‌లో ఛార్జింగ్ పెడతారు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకటి, నిజామాబాద్‌లో ఒకటి, ఇలా ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. వాళ్లు మనలాంటి ఇళ్లవాళ్లు. కింద గాలి ఆడేచోట, మనుషులు పడుకోని చోట, సరైన పాయింటు ఉంటే ఎవరు పడకగదిలో పెట్టుకుంటారు? ఫైర్ రిస్క్ అనే మీ కారణంతోనే నేను ఛార్జింగ్ పాయింట్లు అడుగుతున్నాను.

రెండోది లోడ్. "అందరూ పెడితే ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోతుంది" అని ప్రతి మీటింగులో ఒకరు అంటారు. 200 ఫ్లాట్ల కాంప్లెక్స్ తీసుకుందాం. 30 ఎలక్ట్రిక్ కార్లు ఉన్నాయనుకుందాం. మన దేశంలో 2024లో అమ్ముడైన ప్రతి వంద కార్లలో ఎలక్ట్రిక్‌వి రెండు మూడే కాబట్టి ఇది చాలా ముందుచూపుతో వేసిన లెక్క. ఒక్కో కారుకు రాత్రికి అయిదున్నర యూనిట్లు, మొత్తం 165 యూనిట్లు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా సర్దుకుంటే సగటున 21 కిలోవాట్లు. అదే ముప్పై మందీ సాయంత్రం ఏడింటికి ఆఫీసు నుంచి రాగానే ఒక్కసారే పెడితే 100 కిలోవాట్ల దగ్గరకు పోతుంది. ఈ రెంటికీ మధ్య తేడా ఒక టైమరు, వరుస పద్ధతి, లేదంటే లోడ్‌ను తనే పంచుకునే కంట్రోలర్. పొద్దున ఆరున్నరకు మీ కాంప్లెక్స్‌లో నలభై బాత్‌రూముల్లో 2 కిలోవాట్ల గీజర్లు ఒకేసారి ఆన్ అయితే 80 కిలోవాట్లు. అది రోజూ జరుగుతోంది, దానికెవరూ ఎన్‌ఓసీ అడగలేదు. రాత్రి పన్నెండింటికి ఆ గీజర్లన్నీ ఆఫ్‌లో ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఖాళీగా ఉంటుంది. కారుకు కావాల్సిన టైము అదే. ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టండి: ఛార్జింగ్ లైన్లు జనరేటర్ మీదికి వెళ్లకూడదు. కరెంటు పోయినప్పుడు డీజిల్ కాల్చి కారు నింపడం ఎవరికీ లాభం లేదు.

నీళ్ల సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ ఈ ఊళ్లో మాట్లాడాలి. 2022 సెప్టెంబరులో యమలూరు, బెళ్లందూరు వైపు బేస్‌మెంట్లు చెరువులైపోవడం చూశాం. పాయింట్లు నేల నుంచి మనిషి ఛాతీ ఎత్తుకు తగ్గకుండా పెట్టాలి, వాటన్నిటి మెయిన్ స్విచ్ పై ఫ్లోరులో ఉండాలి, వరద హెచ్చరిక వస్తే సెక్యూరిటీ దాన్ని దించేయాలి. పెద్ద ఖర్చేమీ కాదు.

డబ్బు విషయంలో మాత్రం మీ వాదనలో న్యాయం ఉంది. కారు లేనివాళ్ల, పెట్రోల్ కారున్నవాళ్ల మెయింటెనెన్స్ డబ్బుతో మాకు ఛార్జర్ పెట్టమని అడగడం తప్పు. పాయింటు ఖర్చు అడిగినవాళ్లదే, యూనిట్లు సబ్ మీటరు ప్రకారం వాళ్లవే. కేబుల్ ట్రే, ప్యానెల్ లాంటి ఉమ్మడి ఖర్చు మొదట పెట్టుకునేవాళ్లు భరిస్తే, తర్వాత చేరేవాళ్లు తమ వాటా కట్టేలా రాసుకోవచ్చు. పెద్ద మరమ్మతుల కోసం దాచిన సింకింగ్ ఫండ్ తాకక్కర్లేదు. ఇన్నేళ్లు లిఫ్టు, బోర్‌వెల్, మురుగునీటి ప్లాంటు (ఎస్‌టీపీ) ఖర్చులు పంచుకోవడంలో మీకున్న అనుభవం ముందు ఇదెంత?

"కొత్త టెక్నాలజీ, కాస్త ఆగుదాం" అనేవాళ్లకు ఒక మాట. ఎలక్ట్రిక్ కారు ఈ ఊరికి కొత్త కాదు. 2001లో రేవా ఇక్కడే తయారైంది. ఆ బుల్లి కారు ఒక్క ఛార్జింగ్‌కు ఎనభై కిలోమీటర్లు పోయేది, ఇంట్లో 15 ఆంప్ ప్లగ్గుకే పెట్టుకునేవాళ్లు. దేశంలో మొట్టమొదట ఈవీ పాలసీ తెచ్చిన రాష్ట్రం కూడా కర్ణాటకే, 2017లో. కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరి మార్గదర్శకాల్లో ఇంట్లో, ఆఫీసులో ఉన్న కనెక్షన్‌తోనే కారు ఛార్జ్ చేసుకోవచ్చని స్పష్టంగా చెప్పింది. 2024 ఫిబ్రవరిలో వినియోగదారుల హక్కుల నిబంధనలు సవరించి, ఛార్జింగ్ కోసం విడి కనెక్షన్ అడిగితే డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) ఇవ్వాలన్నారు. కొత్త భవనాల పార్కింగ్‌లో అయిదో వంతు ఛార్జింగ్‌కు సిద్ధంగా ఉండాలని 2019లోనే నమూనా భవన నిబంధనల్లో చేర్చారు. ఇన్ని ఉన్నా చివరికి బేస్‌మెంట్ గోడకు రంధ్రం చేయడానికి అసోసియేషన్ సంతకం కావాలి. అక్కడే ఆగిపోతోంది.

నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే. పన్ను రాయితీలు అనగానే అందరికీ గుర్తొస్తాయి, నిజమే, అవి చాలా ఇచ్చారు. కానీ అక్కడ ఇంకో నియమం ఉంది. అపార్ట్‌మెంట్ యజమాని తన స్లాట్‌లో ఛార్జింగ్ పాయింటు అడిగితే, సరైన కారణం చూపించకుండా అసోసియేషన్ కాదనడానికి వీల్లేదు. చలికి రేంజ్ పడిపోయే దేశంలోనే పెట్రోల్ కారు వెనకబడిందంటే, ఇంట్లో ప్లగ్‌కు ఉన్న బలం ఎంతో చూడండి. మన కమిటీలు ఎవరూ చట్టం చేయకముందే ఆ పని చేయగలవు, తీర్మానం చాలు.

అద్దెకుండేవాళ్ల గురించి ఒక్క మాట చెప్పకపోతే ఈ లేఖ సగమే. ఇక్కడి మనవాళ్లలో చాలామంది అద్దె ఫ్లాట్లలోనే ఉంటున్నారు. నెల్లూరు నుంచో, కడప నుంచో, శ్రీకాకుళం నుంచో వచ్చిన కొత్త దంపతులు మొదటి కారు కొనేది కూడా ఇక్కడే. వాళ్లకు ఓనరు ఒప్పుకోవాలి, తర్వాత కమిటీ ఒప్పుకోవాలి, ఏడాదికో ఇల్లు మారితే పెట్టిన వైరింగ్ ఖర్చు అక్కడే వదిలేయాలి. వాళ్ల స్లాట్‌లో విడిగా పాయింటు పెట్టడం కుదరకపోవచ్చు. విజిటర్ పార్కింగ్‌లో రెండు మూడు ఉమ్మడి పాయింట్లు పెట్టి, వాడుకున్నవాళ్ల దగ్గర యూనిట్‌కు ఇంత అని తీసుకుంటే చాలు. మొదట్లో అవి ఖాళీగా ఉంటాయి. "చూశారా, ఎవరూ వాడట్లేదు" అని తీసేయకండి. ప్లగ్ కనపడ్డాకే మనుషులు కారు కొనే ధైర్యం చేస్తారు.

వచ్చే జనరల్ బాడీ మీటింగు అజెండాలో "ఇతర విషయాలు" కింద కాకుండా విడి అంశంగా దీన్ని పెట్టండి. దానికంటే ముందు లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరును పిలిపించి ట్రాన్స్‌ఫార్మర్ మీద రాత్రి ఎంత లోడ్ ఉంటుందో ఒక వారం కొలిపించి, ఆ అంకెలు అందరికీ పంపండి. ఫైర్ పంపులు, స్ప్రింక్లర్లు ఎప్పుడు పరీక్షించారో అదే కాగితంలో రాయండి. అప్పుడు మాట్లాడుకుందాం. అన్నీ చూశాక కూడా మీ భవనంలో కుదరదని తేలితే, ఏ కారణంతో కుదరదో, ఏం మారితే కుదురుతుందో రాసి, సంతకం పెట్టి, అడిగినవాళ్ల చేతికివ్వండి. ఆ కాగితం పట్టుకుని బెస్కామ్ దగ్గరికో, బిల్డర్ దగ్గరికో మేమే తిరుగుతాం.

ఇట్లు,
వైట్‌ఫీల్డ్ వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న అనంతపురం ఆడపడుచు